చెస్ మ్యాచ్ లైవ్‌లో చూడటానికి ఏది మంచిది: కామెంటరీనా, ఇంజిన్ బోర్డా, సొంత కంప్యూటరా?

గుకేశ్‌కో, అర్జున్ ఇరిగేశికో పెద్ద మ్యాచ్ ఉందంటే చెన్నైలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఆట కంటే ముందే చర్చ మొదలవుతుంది: ఎక్కడ చూద్దాం? యూట్యూబ్‌లో ఒకే గేమ్‌కి మూడు నాలుగు కామెంటరీలు నడుస్తుంటాయి. లీచెస్ వెబ్‌సైట్‌లో ఒక బోర్డు, చెస్ డాట్ కామ్‌లో ఇంకో బోర్డు. ఎవరిది పైచేయో చూపే బార్ ఒకచోట సగానికి సగం నిలబడి ఉంటుంది, ఇంకోచోట తెలుపు కాస్త పైకి లేచి ఉంటుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకరు "అయిపోయింది, డ్రానే" అని పెడతారు. రెండు నిమిషాలకే ఇంకొకరు "లేదు లేదు, గెలుస్తున్నాడు" అంటారు. ఇద్దరూ కంప్యూటర్ చూసే చెప్పి ఉంటారు.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నది మీకు ఆట ఎంత వచ్చు, చేతిలో ఎంత టైముంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్క విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంజిన్, అంటే ఎత్తుల్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, బోర్డు మీదున్న పొజిషన్ విలువ ఎంతో చెబుతుంది. దాన్ని ఆడటం ఎంత కష్టమో చెప్పదు. ఆ రెండోది చెప్పే మనిషి పక్కన ఉండేలా చూసుకోండి. ఆ మనిషి యూట్యూబ్‌లో గ్రాండ్‌మాస్టర్ కావచ్చు, కోచింగ్‌కి వెళ్లే మీ అమ్మాయి కావచ్చు. మామూలు ప్రేక్షకులకు నా సలహా ఇది: టీవీలో వీడియో కామెంటరీ, చేతిలో ఫోన్లో లీచెస్ బోర్డు, అందులో ఇంజిన్ ఆఫ్. అవసరమైనప్పుడు మాత్రం ఆన్ చేయండి. ఎందుకిలా అంటున్నానో చెబుతాను.

బార్‌ని ఎలా చదవాలి

"మావయ్యా, ప్లస్ రెండు అంటే గెలిచేసినట్టేనా?" అని మా మేనకోడలు అడుగుతూ ఉంటుంది. చిన్న ప్రశ్నే, కానీ ఏ ఏర్పాటు ఎంచుకోవాలన్నది దీని జవాబు మీదే ఆధారపడి ఉంది.

బార్‌తో పాటు కనిపించే అంకెలో ప్లస్ అంటే తెల్లపావులకు మెరుగు, మైనస్ అంటే నల్లపావులకు మెరుగు, సున్నా అంటే సమానం. ఒకప్పుడు ప్లస్ ఒకటి అంటే సుమారు ఒక బంటు ఎక్కువ ఉన్నంత లాభం అని లెక్క. ఇప్పుడు దాదాపు అందరూ వాడే ఇంజిన్ స్టాక్‌ఫిష్. 2022లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి దాని లెక్క మారింది: ప్లస్ 1.00 అంటే తెలుపు గెలిచే అవకాశం 50 శాతం. అయితే ఇది స్టాక్‌ఫిష్ తనతో తనే ఆడితే వచ్చే శాతం. గడియారం పరిగెడుతుండగా, అయిదో గంటలో, చెమటలు పట్టిన మనిషి ఆడితే వచ్చే శాతం కాదు.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ చెరి 6.5 పాయింట్లతో చివరిదైన 14వ గేమ్‌కి కూర్చున్నారు. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ. ఇద్దరి దగ్గరా ఒక రూక్, ఒక బిషప్. బార్ చాలాసేపు నడిమధ్యే ఉంది, అంటే డ్రా. సున్నా చూసి టీవీ కట్టేసినవాళ్లు ఈ దశాబ్దపు చెస్‌లోనే పెద్ద క్షణాన్ని పోగొట్టుకున్నారు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ రూక్‌లు మార్చేసి, బిషప్‌ని డి5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఎ8 మూలన ఉండిపోయింది కాబట్టి తప్పించుకునే దారి లేదు, బిషప్‌లూ మారిపోయాయి. మిగిలింది రాజులు, బంట్ల ఆట. అందులో ఒక బంటు ఎక్కువున్నవాడిదే గెలుపు. 58వ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు, 18 ఏళ్ల చెన్నై కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఆ గేమ్‌లో మంచి కామెంటేటర్ ఎక్కడ పనికొచ్చాడంటే, సున్నా దగ్గరే. గుకేశ్‌కి ఓడే ప్రమాదం లేదు, డింగ్ మాత్రం ప్రతి ఎత్తూ జాగ్రత్తగా ఆడాలి, ఒక్క పొరపాటు చాలు. ఈ మాట బార్ చెప్పదు. మనిషి చెబుతాడు.

దీనికి సరిగ్గా ఎదురు జరిగిన గేమ్ కూడా ఉంది. 2018లో లండన్‌లో ప్రపంచ టైటిల్ కోసం కార్ల్‌సన్, కరువానా ఆడిన ఆరో గేమ్. ఎండ్‌గేమ్‌లో, అంటే పావులు తగ్గిపోయిన చివరి దశలో, కరువానాకు గెలుపు ఉందని ఇంజిన్లు చెప్పాయి. 68వ ఎత్తులో బిషప్‌ని హెచ్4కి జరిపి, తర్వాత గుర్రాన్ని జి1కి పంపాలి. జి1లో ఆ గుర్రం ఇరుక్కుపోయినట్టే కనిపిస్తుంది, అక్కడికి ఎందుకు పంపాలో మామూలు కంటికి అందదు. ఆ దారి మేట్ దాకా 30 ఎత్తులకు పైనే సాగుతుంది. కరువానా దాన్ని చూడలేదు, గేమ్ డ్రా అయింది. స్క్రీన్ మీద అంకె మాత్రమే చూసినవాళ్లు "చేతికొచ్చిన గెలుపు వదిలేశాడు" అన్నారు. ఆట తెలిసినవాళ్లెవరూ అలా అనలేదు.

వీడియో కామెంటరీ

నా దృష్టిలో మొదటి ఎంపిక ఇదే. ఇందులోనూ రకాలున్నాయి.

ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే అధికారిక చానెల్ నింపాదిగా నడుస్తుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గేమ్ అయిన వెంటనే ఆటగాళ్ల ప్రెస్ కాన్ఫరెన్స్ కూడా అక్కడే వస్తుంది, అది వదులుకోకూడదు. 2021లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్‌కి విశ్వనాథన్ ఆనంద్ ఇదే అధికారిక కామెంటరీలో కూర్చున్నారు. అయిదుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి "ఇక్కడ నేనైతే భయపడతాను" అన్నట్టు మాట్లాడితే, దాని విలువ ఏ అంకెకూ రాదు.

చెస్ డాట్ కామ్ వాళ్ల ప్రసారాలు బాగా ఆడంబరంగా ఉంటాయి. బార్, గెలుపు శాతాలు, గడియారాలు అన్నీ ఒకే తెర మీద. 2004లో ప్రపంచ టైటిల్ కోసం క్రామ్నిక్‌తో ఆడిన పీటర్ లేకో లాంటివాళ్లు కామెంటరీలో ఉన్నారంటే కదలకుండా వినండి. ఇంజిన్ చెప్పకముందే పది ఎత్తుల దాకా లెక్కపెట్టి చూపిస్తాడు. మీకు 1500 రేటింగ్ దాటితే ఇది బంగారం. అప్పుడే ఆట నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఊపిరాడదు.

సాగర్ షా, అమృతా మోకల్ నడిపే చెస్‌బేస్ ఇండియా మనవాళ్లు ఆడినప్పుడు చూడాల్సిన చోటు. ఉత్సాహం ఎక్కువ, ఆటగాళ్ల ఊరు, కోచ్, చిన్నప్పటి సంగతులు అన్నీ చెబుతారు. కుటుంబమంతా కూర్చుని చూడటానికి ఇదే బాగుంటుంది. సీరియస్‌గా నోట్స్ రాసుకునేవాళ్లకు కొంచెం ఎక్కువ సందడి అనిపించవచ్చు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇవన్నీ ఎక్కువగా ఇంగ్లిష్‌లో, మధ్యమధ్యలో హిందీతో నడుస్తాయి. ఇంట్లో తాతగారికి ఆట బాగా తెలిసి, ఆ ఇంగ్లిష్ వేగం అందకపోతే సౌండ్ తగ్గించేయండి. ఆడే పిల్ల ఎవరైనా ఉంటే వాళ్లనే తెలుగులో చెప్పమనండి. నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి సాధన లేదు, తాతగారికి ఇంతకంటే ఆనందం లేదు. "ఈ గుర్రం ఎందుకు వెనక్కి వెళ్లింది?" అని ఆయన అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాలంటే పిల్ల నిజంగా ఆలోచించాలి.

బార్ కనిపించే ప్రసారమా, కనిపించనిదా అన్నది కూడా చూసుకోండి. పిల్లలతో చూస్తుంటే బార్ లేనిది మేలు. ఉంటే, స్క్రీన్ అంచున కాగితం అంటించేయండి. చాలామంది కోచ్‌లు కూడా ఇదే చెబుతారు.

లీచెస్, చెస్ డాట్ కామ్ బోర్డులు

వీడియో లేకుండా ఎత్తులు మాత్రమే వచ్చే పేజీలు ఇవి. లీచెస్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా లేవు. పెద్ద టోర్నమెంట్లన్నీ దాని బ్రాడ్‌కాస్ట్ విభాగంలో వస్తాయి. గడియారాలు కనిపిస్తాయి, వెనక్కి వెళ్లి పాత ఎత్తులు చూడొచ్చు, మీ సొంత ఎత్తులు పెట్టి చూడొచ్చు. చెస్ డాట్ కామ్ ఈవెంట్స్ పేజీ చూడటానికి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అయితే ఆడిన గేమ్‌లో తప్పొప్పులు చూపించే గేమ్ రివ్యూ లాంటివి ఉచిత ఖాతాకు పరిమితంగానే దొరుకుతాయి. ఇప్పటికే అక్కడ డబ్బు కట్టి ఆడుతుంటే సరే, మ్యాచ్ చూడటం కోసమే అయితే కట్టక్కర్లేదు.

వీటి అసలు బలం ఏమిటో వానాకాలంలో తెలుస్తుంది. 2024 నవంబర్ 30న, సింగపూర్‌లో అయిదో గేమ్ నడుస్తున్న రోజునే, ఫెంగల్ తుఫాను చెన్నైని ముంచెత్తింది. విమానాశ్రయం కూడా మూసేశారు. అలాంటి రోజున ఫోన్ సిగ్నల్‌తో వీడియో చూడటం కుదిరే పని కాదు. బోర్డు పేజీకి మాత్రం చాలా తక్కువ డేటా చాలు, ఎత్తు పడినప్పుడు నాలుగు అక్షరాలు వస్తే సరిపోతుంది. ఆఫీసులో ఉన్నవాళ్లకూ ఇదే దారి. ఆ మ్యాచ్ గేమ్‌లన్నీ మన టైము మధ్యాహ్నం 2:30కి మొదలయ్యాయి, చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో పనిచేసేవాళ్లు ఇయర్‌ఫోన్ పెట్టుకుని నాలుగు గంటలు వీడియో చూడలేరు కదా.

ఇక్కడ ఇంజిన్ ఆన్ చేస్తే అది మీ ఫోన్లోనే, బ్రౌజర్‌లోనే లెక్కపెడుతుందని గుర్తుంచుకోండి. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. ఆన్ చేయగానే కనిపించే అంకెని నమ్మకండి. పక్కనే "డెప్త్" అని ఉంటుంది, ఎన్ని ఎత్తుల లోతుకు చూసిందో చెప్పే అంకె. డెప్త్ 16 దగ్గర ప్లస్ 0.9 చూపించిన పొజిషన్, డెప్త్ 30కి వెళ్లేసరికి సున్నాకి పడిపోవడం మామూలే. గ్రూప్‌లో జరిగే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి: ఒకరి ఫోన్ ఇంకా 18 దగ్గరుంది, ఇంకొకరి ల్యాప్‌టాప్ 32 దాటింది. మెసేజ్ పెట్టే ముందు ఒక నిమిషం ఆగండి.

ఇంతకంటే ముఖ్యమైన సెట్టింగ్ ఒకటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. ఇంజిన్ చూపించే వరుసల సంఖ్యని మూడుకి మార్చండి. అప్పుడు మొదటి మంచి ఎత్తు, రెండోది, మూడోది పక్కపక్కనే కనిపిస్తాయి. మూడింటికీ ప్లస్ 0.4, 0.3, 0.3 ఉంటే ఆటగాడు హాయిగా ఉన్నాడని అర్థం, ఏది ఆడినా ఫర్వాలేదు. మొదటిదానికి సున్నా, రెండోదానికి మైనస్ 2.5, మూడోదానికి మైనస్ 3 ఉంటే బార్ మీద అదీ సున్నాగానే కనిపిస్తుంది, కానీ అక్కడ ఒక్కటే దారి. ఆ దారి కనిపించకపోతే గేమ్ పోతుంది. కామెంటేటర్ లేనప్పుడు ఆటగాడి కష్టాన్ని కొలవడానికి నాకు తెలిసిన మంచి సాధనం ఇదే.

గడియారాన్ని కూడా దీంతో కలిపి చదవాలి. సింగపూర్‌లో మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటలు, 41వ ఎత్తు నుంచి మాత్రమే ఎత్తుకి 30 సెకన్లు కలిశాయి. మూడో గేమ్‌లో డింగ్‌కి 40వ ఎత్తు చేరకముందే టైం అయిపోయింది. గడియారం కనిపించని ఏ తెరా పూర్తి మ్యాచ్ చూపించినట్టు కాదు.

పావులు బాగా తగ్గాక సంగతి మారుతుంది. రాజులతో కలిపి ఏడు పావులు మిగిలాయంటే ఇంజిన్ అంచనా ఇక అక్కర్లేదు, టేబుల్‌బేస్ ఉంది. ఆ పొజిషన్లన్నిటికీ కచ్చితమైన జవాబు ముందే లెక్కపెట్టి ఉంచిన భాండారం అది. మొత్తం 17 టెరాబైట్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఇంట్లో పెట్టుకోలేం, లీచెస్ దాన్ని ఉచితంగా చూపిస్తుంది. 2021 దుబాయ్ మ్యాచ్ ఆరో గేమ్ 136 ఎత్తులు, ఏడు గంటల ముప్పావు సాగింది. చివర్లో కార్ల్‌సన్ దగ్గర రూక్, గుర్రం, రెండు బంట్లు, నెపొమ్నియాషి దగ్గర క్వీన్ మిగిలాయి. 130వ ఎత్తులో క్వీన్‌ని ఇ6కి కదిపే దాకా అది డ్రాయేనని టేబుల్‌బేస్ తేల్చి చెబుతుంది. అలాంటి గేమ్ చూస్తున్నప్పుడు ఇంజిన్ ఆఫ్ చేసి టేబుల్‌బేస్ తెరవండి.

సొంత కంప్యూటర్‌లో ఇంజిన్

ఇది ఎవరికి కావాలంటే, కోచ్‌లకు, రేటెడ్ టోర్నమెంట్లు ఆడేవాళ్లకు, గేమ్‌ల మీద నోట్స్ రాసేవాళ్లకు. మిగతావాళ్లకు అవసరం లేదని నిజాయితీగా చెబుతున్నాను. స్టాక్‌ఫిష్ ఉచితం. 2020లో వచ్చిన 12వ వెర్షన్‌లో న్యూరల్ నెట్‌వర్క్ చేరాక ఇంకా బలపడింది, మామూలు ల్యాప్‌టాప్‌లో నడిచినా ఏ మనిషికీ అందదు. ఇంకా పెద్ద ప్రాసెసర్ కొంటే అదే జవాబు కాస్త ముందు వస్తుంది, అంతే. తేడా కనిపించేది 2018 ఆరో గేమ్ లాంటి లోతైన ఎండ్‌గేమ్‌లలో, పెద్ద త్యాగాలున్న పొజిషన్లలో.

రెండో అభిప్రాయం కావాలంటే లీలా చెస్ జీరో అనే ఇంకో ఇంజిన్ ఉంది. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, లేకపోతే నత్తనడకే. పెట్టుకునేవాళ్లు ప్రాసెసర్ కోర్లలో ఒకటి రెండు వదిలేసి మిగతావి ఇంజిన్‌కి ఇవ్వండి. అన్నీ ఇచ్చేస్తే అదే మెషీన్‌లో నడుస్తున్న వీడియో ఆగి ఆగి వస్తుంది.

హాల్‌కి వెళ్లి చూడటం

చెన్నైలో ఉన్నందుకు మనకు దక్కే అదృష్టం ఇది. 2013లో ఆనంద్, కార్ల్‌సన్ మ్యాచ్ అన్నా సాలై దగ్గర హయత్ రీజెన్సీలో జరిగింది. 2022లో చెస్ ఒలింపియాడ్ మామల్లపురంలో. 2024 చెన్నై గ్రాండ్ మాస్టర్స్ కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో, 2025లో మళ్లీ హయత్ రీజెన్సీలో. హాల్లో మామూలుగా ఫోన్ అనుమతించరు, ఇంజిన్ ఉండదు, బార్ ఉండదు. ఆటగాడి ముఖం, బోర్డు, గడియారం, అంతే. ఒక రౌండ్ అయినా పిల్లల్ని ఇలా తీసుకెళ్లండి. స్టాక్‌ఫిష్ లేకుండా ఆటగాడు ఏం చూస్తాడో అక్కడే తెలుస్తుంది.

లైవ్ అని రాసి ఉన్నా లైవ్ కాకపోవచ్చు

2022లో అమెరికాలో జరిగిన సింక్‌ఫీల్డ్ కప్ టోర్నమెంట్ నుంచి కార్ల్‌సన్ తప్పుకున్నాక నిర్వాహకులు ప్రసారాన్ని 15 నిమిషాలు ఆలస్యం చేశారు, హాల్లోకి కంప్యూటర్ సాయం చేరకుండా. ఇలాంటి జాగ్రత్తలు చాలా టోర్నమెంట్లలో ఉంటాయి. పైగా వీడియో కంటే బోర్డు పేజీ కాస్త ముందు నడుస్తుంది. టీవీ, ఫోన్ రెండూ పెట్టుకున్నప్పుడు ఫోన్ చూసినవాళ్లు అరిస్తే మిగతావాళ్ల ఉత్కంఠ పోతుంది. ఫోన్ బోర్డుని ఎత్తు చూడటానికి కాక, పాత ఎత్తులు తిరగేయడానికే వాడితే ఈ ఇబ్బంది ఉండదు.

కెనడాలో 2024 క్యాండిడేట్స్ (ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్) రౌండ్లు మన టైము అర్ధరాత్రి 12కి మొదలయ్యాయి. పొద్దున్నే ఆఫీసు, స్కూలు ఉన్నవాళ్లు అలాంటివి లైవ్‌లో చూడక్కర్లేదు. ఉదయం లీచెస్‌లో మొదటి ఎత్తు నుంచి ఇంజిన్ ఆఫ్ చేసి ఆడించుకుంటే అరగంటలో గేమ్ అంతా మీ ముందుంటుంది. ఫలితం తెలియకుండా ఉండాలంటే గ్రూప్‌ని మ్యూట్ చేసి పడుకోండి.

స్కూల్ టోర్నమెంట్లు ఆడే పిల్లలున్న ఇంట్లో ఇలా చేయండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: నా ఎత్తు, వాళ్లు ఆడిన ఎత్తు, ఇంజిన్ ఎత్తు. ఆటగాడు చాలాసేపు ఆలోచిస్తున్నప్పుడు మొదటి గడి నింపాలి. ఆడగానే రెండోది. మూడో గడి గేమ్ అయ్యేదాకా ఖాళీగానే ఉండాలి. ఆట ముగిశాక బోర్డు మీద రాజులు ఒక్కసారిగా నడిమధ్యకి దూకితే కంగారు పడొద్దు, ఫలితాన్ని ఎలక్ట్రానిక్ బోర్డుకి అలాగే చెబుతారు. తెల్లగళ్లు ఇ4, డి5లో రెండు రాజులూ ఉంటే తెలుపు గెలిచినట్టు, నల్లగళ్లు ఇ5, డి4లో ఉంటే నలుపు గెలిచినట్టు, చెరొక రంగులో ఉంటే డ్రా. తర్వాత ప్రెస్ కాన్ఫరెన్స్‌లో ఆటగాడు ఏమనుకున్నాడో వినండి, ఆ పైన ఇంజిన్ ఆన్ చేసి మూడో గడి నింపండి.